సముద్రం వైపు గోడ

మొన్న ఏప్రిల్‌లో ఒక ఉదయం మరియమాత గుడి ముందు ఉన్నవాళ్ళూ ఉన్న వస్తువులూ ఇవి: తాళ్ళకు వేలాడే చెక్క పలకల మీద నిలబడి గోడకు రోలర్లు దొర్లిస్తున్న ఇద్దరు బీహారు కుర్రాళ్ళు, ప్లాస్టిక్ బకెట్ల నిండా తెల్ల పెయింటు, నీడలో కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటున్న మేస్త్రి, గేటు దగ్గర కొవ్వొత్తులు అమ్మే ముసలామె, ఆమె బల్ల కింద నిద్రపోతున్న కుక్క, టేపూ చిన్న సుత్తీ పట్టుకుని నేను. ముందు గోడ పైభాగంలో బీట కనబడిందని, దాని లోతెంతో చూసి చెప్పమని గుడి ఫాదరు, అదే విచారణ గురువులు, కబురు చేశారు. సివిల్ డిప్లొమా చదివి ఆటోనగర్‌లో ఇనప పరంజాలు చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను కాబట్టి, పైగా ఈ పేటలోనే పుట్టాను కాబట్టి, ఇలాంటి పనులు నాకే వస్తాయి. బీట పై పూతలోనే ఆగింది, లోపలికి పోలేదు. ఆ మాట చెప్పేసి వెళ్ళిపోవచ్చు. కానీ వెళ్ళాలనిపించలేదు. కొత్త పెయింటు వాసన ఆసుపత్రి వరండాలా ఘాటుగా ఉంది. ఆ గోడ దగ్గర నాకు తెలిసిన వాసన అది కాదు. చెప్పులో పడ్డ ఇసుక రవ్వలా ఆ తేడా నన్ను ఒకచోట నిలవనివ్వలేదు.

నాకు తెలిసింది కాలిన గుల్లల వాసన. తొంభైల్లో, ఎండలు ముదిరి వేట మందగించే రోజుల్లో, మా పేట ఆడవాళ్ళు తీరం పొడవునా గుల్లలు ఏరి గోనెసంచుల్లో తెచ్చేవారు. మగవాళ్ళు ఇసుకలో గుంత తీసి, అడుగున బొగ్గు, దాని మీద గుల్లలు, మళ్ళీ బొగ్గు, మళ్ళీ గుల్లలు, ఇలా వరసలు పేర్చి నిప్పు పెట్టేవారు. కాలిన గుల్లల్ని పీపాల్లో వేసి నీళ్ళు పోస్తే బుస్సుమని పొంగి, ఆ ఆవిరి ముక్కుల్లో దూరి, పేటలో కోళ్ళతో సహా అందరూ తుమ్మేవాళ్ళు. ఆ సున్నంలో తుమ్మ జిగురూ చిటికెడు నీలిమందూ కలిపి, మొగలి ఊడల్ని చితక్కొట్టి చేసిన కుంచెలతో ఏటా గుడి ముందు గోడకు వేసేది మేమే. మేం హిందువులం, సముద్రం మీద బతికే జాలర్లం. మిగతా మూడు గోడలకూ విచారణ వాళ్ళు, అంటే ఆ గుడికి చెందిన కతోలిక కుటుంబాలు, తమకు నచ్చిన పసుపో గోధుమ రంగో వేయించుకునేవారు. సముద్రం వైపు గోడ మాత్రం మాది. ఈ పద్ధతి ఎప్పుడు మొదలైందో ఎవరూ అడిగేవారు కాదు, ఎండాకాలం వస్తే చేతులకు కుంచెలు వచ్చేవి.

అది మాదెందుకయిందో చెప్పాలంటే ముందు గుడి కట్టుబడి చెప్పాలి. సముద్రం ఒడ్డున చిన్న దిబ్బ మీద, బలిపీఠం పడమటన, గుమ్మాలు తూర్పున నీళ్ళకెదురుగా పెట్టి, ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒక గురువు కట్టించిన గుడి. మూరన్నర మందం గోడలు, కొండరాయి, గుల్ల సున్నం. లోపల రంగూన్ నుంచి ఓడలో వచ్చిన టేకు దూలాలు, వాటి మీద బెంగుళూరు పెంకులు, కింద నల్లరాతి పలకలు. రోహిణి ఎండల్లో కూడా ఆ పలకల మీద వట్టికాళ్ళతో నిలబడితే చల్లదనం మోకాళ్ళ దాకా ఎక్కేది. పక్క గోడల్లో చెక్క రెక్కల కిటికీలు, వాటి మధ్య ఏసు సిలువ మోసిన దారి చెప్పే పటాలు, పటాల కింద పేటలో ఎవరికీ చదవడం రాని ఫ్రెంచి అక్షరాలు. గుమ్మం పక్కన పవిత్రజలం కోసం గోడలో బిగించిన పెద్ద ఆల్చిప్ప, వేళ్ళు తగిలి తగిలి అంచు నున్నగా అరిగిపోయింది. ఇక ముందు గోడ. కింద మూడు గుమ్మాలు, మధ్య గుమ్మం మీద రంగుటద్దాల గుండ్రటి కిటికీ, ఆపైన రెండు భుజాలూ చుట్టలు తిరుగుతూ సన్నబడిపోయి ఒక కమాను, కమానులో గంట, దాని నెత్తిన ఇనప సిలువ. ఈ గోడ వెనకున్న కప్పు కంటే బాగా ఎత్తు. పక్కనుంచి చూస్తే పొట్టి మనిషి పెద్ద తలపాగా చుట్టుకున్నట్టుంటుంది. ఆ పై ముక్క కప్పును మోయదు, వానను ఆపదు. కట్టడం లెక్కలో దానికి పనే లేదు, గాలివానకు ఎదురు నిలబడటం తప్ప.

దానికి మా తాత చెప్పిన కారణం వేరు. గుడి కడుతున్నప్పుడు పేట పెద్దలు ఆ తెల్ల ఫాదరు దగ్గరికి వెళ్ళి, గోడ ఇంకొంచెం లేపితే నడిసముద్రంలో మాకు కనబడుతుంది బాబూ అని అడిగారట. ఆయన లేపాడట, దాన్ని తెల్లగా ఉంచుకునే పని మీదే అన్నాడట. నిజమో కాదో నాకు తెలియదు. తట్టి చూసి చెప్పగలిగింది ఒకటే: గుండ్రటి కిటికీ దాకా రాయి, అక్కణ్ణుంచి పైకి ఇటుక.

కనబడటం మాకెందుకంత అవసరమంటే, మా తీరానికి ఎదురుగా నీళ్ళ కింద రాళ్ళున్నాయి. వాటి మధ్య పడవ పట్టే సందు ఒకటే. ఆ సందును ఎవరూ చూడలేరు, ఒడ్డును చూసి కనుక్కోవాలి. గుడికి వెనగ్గా, చాలా దూరంలో, సింహాచలం కొండల వరసలో ఒకచోట గిన్నె అంచు విరిగినట్టు చిన్న పల్లం ఉంది. తెల్ల గోడ మీది సిలువ సరిగ్గా ఆ పల్లం కిందికి వచ్చిందంటే పడవ సందుకు ఎదురుగా ఉన్నట్టు. పైన అప్పన్న, కింద మరియమ్మ, అనేవారు మావాళ్ళు; ఇద్దరూ ఒక గీతలో నిలబడితే ఇంటికి దారి, ఒకరు పక్కకి జరిగితే రాయి. తర్వాతెప్పుడో పాలిటెక్నిక్‌లో సర్వే పాఠం రోజున లెక్చరర్ రెండు ఎర్ర తెల్ల కర్రలు పాతి, ఒక కన్ను మూసి రెండోది మొదటిదాని వెనక దాక్కునేలా నిలబడమన్నప్పుడు, ఇది నేర్పడానికి కాలేజీ ఎందుకని నాకు నవ్వొచ్చింది.

మా ఆట కూడా అదే. సాయంత్రం బడి వదలగానే పిల్లలం తీరం వెంట వెనక్కి నడుస్తూ, సిలువ పల్లంలోకి దిగే చోట ఆగాలి. ఒక అడుగు ముందు ఆగినవాడూ ఓడినట్టే, దాటినవాడూ ఓడినట్టే, తగువు తేల్చడానికి పెద్దవాళ్ళెవరో వచ్చి ఒక కన్ను మూసేదాకా కొట్టుకునేవాళ్ళం. సెప్టెంబరులో మరియమాత పండుగ వస్తే గుడి ముందు రంగు కాగితాల తోరణాలు, దిబ్బ కింద జీళ్ళ బళ్ళు, ఖర్జూరాలు, నిమ్మకాయ పిండిన మురీ మిక్చరు, గుడి వెనక డేగిశాల్లో పులిహోర, సిస్టర్లు పంచే కేకు ముక్కలు. మా ఆడవాళ్ళు పసుపూ కొబ్బరికాయా చీరా పట్టుకెళ్ళి మాత పాదాల దగ్గర పెట్టేవారు, గుడిలో ప్రార్థనలు నేర్పే ఉపదేశి వాటిని ఏమీ అనకుండా ఒక పక్కకి సర్ది పెట్టేవాడు. ఆ జనంలో మా అయ్య ఒక్కడే కుదురుగా ఉండేవాడు కాదు. ఒడ్డున ఉన్నంతసేపూ ఆయనకు కాళ్ళు కాలేవి. వల అల్లుతూ లేచేవాడు, అన్నం తింటూ లేచేవాడు, వాకిట్లోకి వచ్చి గాలి ఎటు తిరిగిందో చూసి, మళ్ళీ వచ్చి కూర్చుని, మళ్ళీ లేచేవాడు. ఆ కుదురులేనితనం నాకూ వచ్చింది. నేను గాలిని చూడను, గోడల వంకర చూస్తాను, అంతే తేడా.

గుడికి నూరేళ్ళు నిండిన సంవత్సరం నేను ఆరో తరగతి. బిషప్ గారు వస్తారని కమిటీ వేశారు. కమిటీ కార్యదర్శి ఇన్నయ్య గారు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్టీల్‌ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేస్తున్న మనిషి, ఇస్త్రీ చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. విచారణ గురువు చిన్నప్ప ఫాదరు కర్నూలు వైపువారు, అప్పటికి వచ్చి ఏడాది కూడా కాలేదు, తీరానికి వచ్చినా తడి ఇసుక దాకా రాకుండా ఆగిపోయేవారు. వాళ్ళిద్దరూ ఒక ఉదయం పడవల దగ్గరికి వచ్చారు. పేటలో ఏ మాటయినా మా అయ్య నూకరాజుతో మాట్లాడితే పేటతో మాట్లాడినట్టే.

"నూరేళ్ళ పండగయ్యా నూకరాజూ," అన్నారు ఇన్నయ్య గారు. "ఈ ఒక్కసారికి ముందు గోడకి మరియమాత రంగు వేయిద్దామని మా ఆశ. లేత నీలం. కంపెనీ పెయింటు, పదేళ్ళయినా చెక్కు చెదరదు. మీరు సరేనంటేనే."

అయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తల్లికి సీర కడతానంటే నాను వద్దంటానేటి బాబూ. ఎయ్యండి."

రంగు వేయడం ముగిసిన సాయంత్రం పేటంతా దిబ్బ కింద చేరింది. పొద్దున్న లేచిన ఆకాశం రంగు, అంచులకు తెల్ల గీతలు, మధ్యలో రంగుటద్దాల కిటికీ మెరుస్తూ, అంత అందమైన గోడను మేమెవ్వరం చూడలేదు. అయ్య కొబ్బరికాయ కొట్టాడు. మా అమ్మ తమ్ముడు దానయ్య మావ మాత్రం తల గోక్కుంటూ, "నీలిమందు డబ్బా మొత్తం వంపీసినారేటి బావా," అన్నాడు, అందరూ నవ్వారు. ఎన్నో ఏళ్ళుగా ఆ గోడను సముద్రం మీంచి చూసి బతికిన మనుషులు, ఆ సాయంత్రం ఒక్కరంటే ఒక్కరు కూడా దాన్ని సముద్రం మీంచి ఊహించుకోలేదు. ఒడ్డున నిలబడి చూసి, బాగుందన్నారు. సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవలు ఇసుకలోనే ఉన్నాయి కూడా.

సముద్రం సర్దుకున్నాక వేటకు వెళ్ళిన మొదటి ఉదయమే అది జరిగింది. తిరిగి వచ్చేవాటిలో దానయ్య మావ పడవ ముందు, అయ్య పడవ వెనక. కొండల మీద మంచులాంటి మసక. ఒడ్డున ఉన్న మాకు చప్పుడు వినబడలేదు. ముందు పడవ ఒక పక్కకి ఒరిగి అలాగే ఆగిపోవడం కనబడింది, అంతే. అయ్య నురగను బట్టి ఎలాగో సందు పట్టుకుని, మావను తన పడవలోకి లాక్కుని ఒడ్డుకు తెచ్చాడు. మావ కుడి జబ్బ విరిగింది. వలలు పోయాయి, తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చిన పడవకు పక్క పలకలు చీలిపోయి ఉన్నాయి. ఇసుకలో పడుకోబెడితే ఆయన నొప్పి గురించి ఏమీ అనలేదు, ఎవరో తనను మోసం చేసినట్టు ముఖం పెట్టి అన్నాడు.

"గుడి నేదు బావా. గుడేదీ గుడేదీ అనీసి ఎతుకుతన్నాను. ఈలోపు రాయొచ్చీసినాది."

ఆ మాటతో అందరూ వెనక్కి తిరిగి గోడను చూశారు. గోడ ఎదురుగానే ఉంది, నీలంగా, పండగలా.

ఇంట్లో అమ్మ అరవలేదు. చేపల బుట్ట కడుగుతూ, అయ్య వైపు చూడకుండా, "ఆల్లు అడిగినారు, మంచోల్లు కాబట్టి అడిగినారు. నువ్వెవుల్ని అడిగి ఊఁ అన్నావు? మా తమ్ముడి సెయ్యి ఇరగ్గొట్టీసినావు," అంది. అయ్య వాకిట్లోకి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. పేటలో ఆ తర్వాత పడవ దించినవాళ్ళు లేరు. తన ఒక్క మాట మీద పేట మొత్తం ఒడ్డున కూర్చుంది, ఆ మాటను వెనక్కి తీసుకోవాల్సింది కూడా తనే.

ఆదివారం పూజ అయ్యాక అయ్య కమిటీ ముందు నిలబడ్డాడు. వాళ్ళు దానయ్య గురించి నిజంగానే బాధపడ్డారు. కానీ బిషప్ గారు వచ్చే వారమే వస్తున్నారు, అందరూ ఇష్టపడి చందాలు వేసుకుని కొన్న రంగు. "నువ్వే కదయ్యా వెయ్యమన్నావు," అన్నారు ఇన్నయ్య గారు. "అయినా అంత గోడ కనపడకపోవడమేంటి. ఇక్కడ నిలబడి చూడు, కళ్ళు చెదురుతున్నాయి."

అయ్య చూశాడు. "నిజమేనండి. ఇక్కణ్ణుంచయితే నాకూ సెదురుతన్నాయి. ఓపాలి పడవెక్కి సూడండి."

ఎక్కరనుకున్నాడేమో. చిన్నప్ప ఫాదరు కాసేపు సముద్రం వైపు చూసి, "నాకు ఈత రాదు నూకరాజూ," అన్నారు, అని సరేనన్నారు. ఫాదరు వెళితే తను వెళ్ళకపోతే బాగుండదని ఇన్నయ్య గారూ బయల్దేరారు. మర్నాడు ఉదయం ఫాదరు తెల్ల అంగీ మోకాళ్ళ దాకా ఎగ్గట్టి పడవ మధ్యలో కూర్చున్నారు, ఒక చేతిలో జపమాల, రెండో చేత్తో నా భుజం గట్టిగా పట్టుకుని. ఆ పట్టు గుర్తులు సాయంత్రం దాకా పోలేదు. ఇన్నయ్య గారు జేబులో పెన్నులు తీసి మడతపెట్టిన రుమాలులో చుట్టుకున్నారు. రాళ్ళు దాటి బాగా లోపలికి పోయాక అయ్య తెడ్డు ఎత్తేసి, పడవను ఒడ్డుకు ఎదురుగా తిప్పాడు.

"ఫాదరు గారూ, ఇప్పుడు మన గుడి సూపండి."

ఫాదరు చూశారు. కొండలు నీలంగా ఉన్నాయి, కొండల ముందు మసక నీలంగా ఉంది, పైన ఆకాశం, కింద నీళ్ళు. రేవులో క్రేన్లు కనబడ్డాయి, వాటర్ ట్యాంకు కనబడింది. ఆయన వేలు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి పోయి ఒకచోట ఆగింది.

"అది ఐసు ఫ్యాక్టరీ అండి," అన్నాడు అయ్య.

వేలు మళ్ళీ కదిలింది. భయంలోనో బెంగలోనో ఆయన నోట సొంతూరి మాట వచ్చేసింది. "యాడుందప్పా నా గుడి?"

ఇన్నయ్య గారు తనకీ కనబడలేదని ఒప్పుకోలేదు. పొద్దున మసకలో ఏ రంగైనా అంతేనని, తెల్లదైనా ఇలాగే ఉండేదేమోనని అన్నారు. ఆయన అంటుండగానే గంట మోగింది. నీళ్ళ మీదుగా స్పష్టంగా, దగ్గరగా వినబడింది. అది ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్రం కనబడలేదు. అయ్య ముందే చెప్పి ఉంచిన పని అది. గంట కొట్టింది మా అమ్మ. గుడి లోపల పాటలు పాడేవాళ్ళు నిలబడే మేడ మీంచి నిచ్చెన ఎక్కి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి, దానయ్య మావ పడవ మీద చిరగకుండా మిగిలిన తెరచాపను కమాను లోంచి కిందికి వదిలింది. నీలంలో ఒకచోట తెల్లటి ముక్క విచ్చుకుంది. దాని చుట్టూ భుజాలు వచ్చాయి, కిటికీ వచ్చింది, గుమ్మాలు వచ్చాయి, నెత్తిన సిలువ వచ్చింది. ఎవరో అప్పుడే తెచ్చి పెట్టినట్టు గుడి అక్కడ నిలబడింది, దాని వెనక కొండల్లో పల్లం.

ఇన్నయ్య గారు పడవ అంచు మీంచి వంగి వాంతి చేసుకున్నారు. మూతి తుడుచుకుని, "నీలం లోపల వేయిద్దాం ఫాదర్, బలిపీఠం వెనక," అన్నారు.

కంపెనీ పెయింటు నిజంగానే మంచిది. దాని మీద సున్నం నిలవలేదు, వేసింది వేసినట్టు జారిపోయింది. గీకక తప్పలేదు. విచారణలోని స్టీల్‌ప్లాంటు వాళ్ళు సెలవు పెట్టి తీగ బ్రష్షులు తెచ్చారు, మా ఆడవాళ్ళు చేపల పొలుసు తీసే రేకులు తెచ్చారు, పరంజా కర్రల మీద అందరూ కలిసి నీలం పొట్టు తలల నిండా రాలుతుండగా గీకారు. గుల్లలు కాల్చారు, పేట మళ్ళీ తుమ్మింది. దానయ్య మావ విరిగిన చేతిని మెడకు కట్టుకుని కింద కూర్చుని, పైనున్న అయ్య చెవిన పడేలా అన్నాడు.

"బావా, కొండ మిగిలిపోనాది. దానిక్కూడా ఓ రంగు సెప్పీ."

పరంజా మీదవాళ్ళు పడిపోతారేమోనన్నంతగా నవ్వారు. అయ్య అందరికంటే ఆలస్యంగా నవ్వాడు. చెయ్యి బాగయ్యాక మావ తన పడవ బాగుచేయించుకోలేదు, అయ్య పడవలోనే ఎక్కాడు, ఆ తర్వాత ఎప్పుడూ వేరే పడవ ఎక్కలేదు. పండుగ రోజున బిషప్ గారు గోడ మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తే అరచేతి నిండా తడి సున్నం అంటింది. ఆయన దాన్ని తుడుచుకోకుండానే పూజ చేశారని మావాళ్ళు చాలా ఏళ్ళు చెప్పుకున్నారు.

తర్వాతవి ఒక్కొక్కటిగా పోయాయి, ఏది ఎప్పుడు పోయిందో పోయేటప్పుడు తెలియలేదు. తీరం వెంట రోడ్డు వెడల్పు చేశాక గుల్లలు కాల్చే గుంతలకు చోటు లేకపోయింది. మొగలి పొదలు కొట్టేశారు. రెండు వేల సంవత్సరం తర్వాత అరచేతంత జీపీఎస్ పెట్టెలొచ్చాయి, నక్షత్రాల మధ్య తిరిగే యంత్రాలతో మాట్లాడి సందు ఎక్కడుందో చీకట్లో కూడా చెబుతాయి, రాళ్ళకు తగిలిన పడవ గురించి నేను మళ్ళీ వినలేదు. మా ఈడు కుర్రాళ్ళు ట్రాలర్ల మీదికో, తగరపువలస దాటి ఫ్యాక్టరీల్లోకో పోయారు. దానయ్య మావ లేడు. చిన్నప్ప ఫాదరు ఎక్కడికో బదిలీ అయ్యారు. ముందు గోడకు ఇప్పుడు విచారణ వాళ్ళే డబ్బిచ్చి రంగు వేయిస్తారు, ఎవరొచ్చినా ఎవరు మారినా తెలుపే వేయిస్తారు, ఆ ఒక్క విషయం ఫాదరు నుంచి ఫాదరుకు చెప్పుకుంటూ వస్తున్నారు.

మొన్న బీట సంగతి చెప్పేసి ఇంటికి వచ్చాక కూడా నా కాళ్ళు నిలవలేదు. అయ్య వాకిట్లో నిలబడి గాలి చూస్తున్నాడు, వేట మానేసి ఐదారేళ్ళయినా. "ఓపాలి సూసొద్దాం అయ్యా," అన్నాను. ఏం చూడాలో ఆయన అడగలేదు. మర్నాడు ఉదయం మా చిన్నాన్న కొడుకు ఫైబరు బోటులో బయల్దేరాం. వాడు ఇంజను పక్కన కూర్చుని పెట్టె చూసుకుంటూ నడిపాడు, సందు దాటేటప్పుడు తల కూడా ఎత్తలేదు. లోపలికి పోయాక ఇంజను ఆపించాను.

గాలి కడిగేసినట్టు ఉంది, మసక లేదు. రోడ్డుకు అటు పక్క అపార్టుమెంట్లు, హోటళ్ళు, ఆసుపత్రులు, కాలేజీ మేడలు, ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగి చూస్తున్నాయి, వాటి వెనక కొండల వరస అక్కడక్కడా ముక్కలుగా కనబడుతోంది. అయ్య నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఎడమ నుంచి కుడికి, మళ్ళీ కుడి నుంచి ఎడమకి. చూపు ఎక్కడా ఆగలేదు. చెయ్యి దించి కూర్చున్నాడు.

"తెల్లగానే ఉంచినారు పాపం," అన్నాడు.

నేను దక్షిణపు కొస నుంచి మొదలుపెట్టి, ఒక కన్ను మూసి, తీరం మీద తెల్లగా కనబడే గోడల్ని లెక్కపెట్టాను. నలభై మూడు.